పైకి అనకుండా ఆడిన ఆట

చదరంగపు పలక బీరువా మీదికి ఎక్కింది. దాని వెనుకే పావుల డబ్బా కూడా ఎక్కింది. స్టూలు మీద నిలబడి ఆ రెండింటినీ గోడ దాకా నెట్టిన కోడలు, చేతులకంటిన దుమ్ము దులుపుకొని కిందికి దిగింది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు ఆ ఆరోహణను ఆద్యంతం తిలకించింది గాని పెదవి విప్పలేదు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊళ్ళ మాటలన్నీ కలిపిన మనిషి. మాట ఎప్పుడు కలపకూడదో కూడా ఆమెకు తెలుసు.

“మీరేమీ అనరా అత్తయ్యా?”

“అంటే దించుతావా?”

“దించను.”

“మరి నా గాలి దేనికి ఖర్చు?”

బట్టలు కత్తిరించే బల్ల మీద, దర్జీ కత్తెర కింద, బడి నుంచి వచ్చిన కాగితం ఒకటి ఉదయం నుంచి రెపరెపలాడుతోంది. అందులో ఉన్నవి మూడే వాక్యాలు. మీ అమ్మాయి లెక్కల పరీక్షలో జవాబులు పైకి చెప్పినది. ఆ బెంచీ మీద కూర్చున్న ముగ్గురి జవాబులూ ఒక్కటే. సాయంత్రం అయిదు గంటలకు తరగతి టీచరు మీ ఇంటికి వస్తారు.

ఆ అమ్మాయికి ఏడేళ్ళు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ప్రస్తుతం ఆ పిచ్చుక కత్తిరింపు బల్ల కింద, గుడ్డపీలికల నడుమ గూడు కట్టుకొని కూర్చుంది.

“ఆరు నెలల కిందటే చెప్పాను” అన్నది కోడలు, మిషను ముందు కూర్చుంటూ. “ఆట పేరు చెప్పి పిల్లకి వాగుడు నేర్పుతున్నారని.”

“ఆరు నెలల కిందట నీ కూతురు ఎలా ఉండేదో మర్చిపోయావా? నాలుగూ అనేలోపే పదకొండు అని అరిచేది. అడిగేది పూర్తిగా వినేదా? ఓడితే పావులు కిటికీలోంచి పోయేవి. రెండు బంట్లు ఇప్పటికీ దొరకలేదు. గుండీలతో ఆడుతున్నాం.”

“నా గుండీలతో.”

“నీ గుండీలతోనే. ఇప్పుడు ఆగుతోంది. సరి చూసుకుంటోంది. ఓడితే తనే పావులు సర్ది ఇంకోటి ఆడదామంటోంది.”

“అవును. ఇప్పుడు బెంచీ అంతటికీ చాటింపు వేసి మరీ రాస్తోంది.”

ఇక మాట సాగలేదు. మిషను మాత్రం సాగింది. ఆ ఇంట్లో కుట్టు వేగాన్ని బట్టి కోపాన్ని అంచనా కట్టవచ్చు. ఆనాటి కుట్టు పరుగు పందెంలో ఉన్నది.

లిఫ్టులు బాగుచేసే కొడుకు పనిసంచీ భుజాన వేసుకొని లోపలికి వచ్చాడు. బీరువా పైకి ఒకసారి, తల్లి వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు.

“లిఫ్టు ఎక్కడ ఆగింది?”

“మీ అమ్మగారి దగ్గర” అన్నది భార్య.

“నీ భార్య దగ్గర” అన్నది తల్లి.

“రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగడం నా ఉద్యోగం” అంటూ అతడు సంచీ దించాడు. “ఇంటికొస్తే ఇరుక్కునేది నేనే.”

బల్ల కింద పిచ్చుక కిసుక్కున నవ్వింది. వెంటనే నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అయిదు కొట్టగానే టీచరు వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచీ. కుట్టవలసిన బట్టల మూటను కుర్చీలోంచి తీసి ఆమెకు చోటు చేశారు. ఆమె సంచీలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది.

“ఒప్పులు కలిశాయంటే సరేనండీ, ఒప్పు ఎవరికైనా ఒకటే కదా. తప్పులు కూడా కలిశాయి. నలభై అయిదులోంచి పద్ధెనిమిది తీస్తే ముప్పై ఏడట. ముగ్గురికీ ముప్పై ఏడే.”

“ఇరవై ఏడు కదా” అన్నది నాయనమ్మ.

“అవునండీ. నాకు తెలుసు” అన్నది టీచరు వినయంగా.

ఆమె వంగి బల్ల కిందికి చూసింది. “పక్కవాళ్ళకి ఎందుకు చెప్పావమ్మా?”

“చెప్పలేదు టీచర్. తిరిగి చెప్పాను.”

“బయటికొచ్చి మాట్లాడు” అన్నది తల్లి.

పిచ్చుక బయటికి వచ్చింది. జుట్టులో ఒక నీలం పీలిక, భుజాన ఒక పసుపు పీలిక. “ముందు ఏం అడిగారో అది తిరిగి చెప్పాలి. తర్వాత నేనేం వేస్తానో చెప్పాలి. నేనది వేస్తే అవతలి వాళ్ళేం వేస్తారో అదీ చెప్పాలి. అన్నీ అయ్యాకే ముట్టుకోవాలి.”

“ఏం ముట్టుకోవాలి?”

“బడిలో అయితే పెన్సిలు. ఇంట్లో అయితే గుర్రం.”

టీచరుకు అర్థం కాలేదు. పిచ్చుక జాలిపడి వివరంగా చెప్పింది. “చూడండి. ముప్పై రెండు పండ్లు, పదిహేడు పంచాము, ఎన్ని మిగిలాయి? నేను పదిహేను అంటాను. అంటే టీచరేం చేస్తుంది? కూడి చూస్తుంది. పదిహేనూ పదిహేడూ ముప్పై రెండు. ఇంక టీచరేం చేయలేదు. అప్పుడు రాయాలి.”

“అంటే పరీక్షలో నువ్వు నాతో ఆడుతున్నావా?”

“మీతోనే” అన్నది పిచ్చుక. “ముప్పై ఏడు దగ్గర మీరు గెలిచారు.”

గదిలో చూపులన్నీ ఒక్కొక్కటిగా కిటికీ పక్క కుర్చీ మీద వాలాయి. నాయనమ్మ చీర కొంగు సర్దుకుంది.

“తప్పు దానిది కాదమ్మా. నాది. చదరంగం నేను ఫోన్లో నేర్చుకున్నాను.”

“ఫోన్లోనా?”

“అవతలి ఊరి ఎక్స్ఛేంజిలో ఒకావిడ ఉండేది. లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆడేవాళ్ళం. ఆవిడ దగ్గరొక పలక, నా దగ్గరొక పలక. పదకొండేళ్ళు ఆడాం.”

“ఆవిడెలా ఉండేదండీ?”

“ఏమో. ఒక్కసారీ చూడలేదు. జలుబు చేస్తే మాత్రం తెలిసేది.” నాయనమ్మ నవ్వింది. “నంబరు చెబితే తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం మా పని. ఎత్తు అయినా అంతే. తిరిగి చెప్పకపోతే ఆవిడ పలక మీద గుర్రం ఒకచోట, నా పలక మీద అదే గుర్రం ఇంకోచోట. ఒకసారి అలాగే రెండు రోజులు ఆడాం. ఇద్దరమూ గెలిచాం.”

కొడుకు పగలబడి నవ్వాడు. కోడలు నవ్వలేదు గాని మిషను ఆగింది.

“మనవరాలికి నేర్పేటప్పుడు నాకు వేరే ఆట రాదు. ఎదురుగా కూర్చున్నా సరే, తిరిగి చెప్పించాను. అదీ ఆటలో భాగమే అనుకుంది పాపం.”

వినడం, విన్నదాన్ని మననం చేయడం, ఆ మీదట దానిలో స్థిరపడడం అని పెద్దలు విద్యకు మూడు మెట్లు కట్టి ఉంచారు. ఆ మెట్ల పేర్లు నాయనమ్మ వినలేదు. తీగ చివర ఒక గొంతును పట్టుకొని ఆ మెట్లే ఎక్కింది, మనవరాలినీ ఎక్కించింది. మధ్య మెట్టు మీద చప్పుడు చేయరాదన్న ఒక్క సంగతి మరిచింది.

టీచరు కాగితాలు మడిచింది. “నాకు కోపం లేదండీ. నిజం చెప్పాలంటే, క్లాసులో లెక్క పూర్తిగా విని మొదలుపెట్టే పిల్ల ఇదొక్కతే. పుస్తకంలో మూడో వరుస, నాలుగో బొమ్మ అంటే వేలు సరిగ్గా అక్కడే పెడుతుంది. కానీ ఈ ముగ్గురినీ రెండో తరగతిలోకి తీసుకుంది ‘కొన్నాళ్ళు చూద్దాం’ అని. రేపు తొమ్మిదిన్నరకి పెద్ద టీచర్ దీన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఇరవై లెక్కలిస్తారు. పెదవి కదలకూడదు. వచ్చని తేలితే రెండులో ఉంటుంది.”

“తేలకపోతే?” అన్నది తల్లి.

“మళ్ళీ ఒకటో తరగతి.”

“మరి కళ్ళజోడూ, రెండుజడలూ?” పిచ్చుక అడిగింది. అవి బెంచీ మీద ఆమెకు కుడియెడమల కూర్చునే నేస్తాల పేర్లు.

“నీకు వచ్చని తేలితే వాళ్ళు నీది విని రాసినట్టే కదమ్మా. వాళ్ళు ఒకటికి వెళతారు.” టీచరు సంచీలోంచి పెన్సిలు తీసింది. “ఏదీ, ఇప్పుడొకటి చెయ్యి చూద్దాం. నోరు మూసుకుని. యాభై మూడులోంచి ఇరవై ఆరు.”

పిచ్చుక పెదవులు బిగించింది. కళ్ళు పైకప్పు దాకా వెళ్ళి వచ్చాయి. పెన్సిలు కదలలేదు. బుగ్గలు మొదట గులాబీ రంగుకు, పిదప ఎరుపుకు తిరిగాయి.

“ఊపిరి ఆపమనలేదే తల్లీ” అన్నాడు తండ్రి కంగారుగా. “ఊపిరి తీసుకో.”

పిచ్చుక బుస్సున గాలి వదిలింది. కాగితం మీద ఏమీ లేదు.

“నోరు మూస్తే లోపల కూడా మూసుకుపోతోంది టీచర్.”

టీచరు వెళ్ళిపోయింది.

మొదట కదిలింది నాయనమ్మ. “ఆ పలక దించమ్మా.”

“ఇంకా ఎందుకు?”

“నోరు మూసుకుని ఆడటం నేర్పాలి.”

“మీకొచ్చా?”

నాయనమ్మ నిజాయితీగా ఆలోచించింది. “రాదు.”

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. స్టూలు ఎక్కింది. పలక, డబ్బా కిందికి వచ్చాయి. “ఈ సాయంత్రం ఒక్కటే అత్తయ్యా. రేపు ఇది ఒకటికి పోతే ఈ పలక మళ్ళీ బీరువా ఎక్కదు. చెత్తబండి ఎక్కుతుంది.”

“న్యాయం” అన్నది నాయనమ్మ.

ఆట మొదలైంది. కొడుకు మధ్యవర్తి. ఎవరి పెదవి కదిలితే వారి పేరున సుద్దముక్కతో బల్ల మీద ఒక గీత.

“‘గుర్రం’ అన్నావు నాయనమ్మా.”

“అనలేదే.”

“చప్పుడు రాలేదు. పెదవి అంది.”

గీత పడింది. పదినిమిషాలు గడిచేసరికి మనవరాలి పేరున నాలుగు గీతలు, నాయనమ్మ పేరున పదకొండు.

“అమ్మా, నిన్ను ఒకటో తరగతిలో వెయ్యాలి” అన్నాడు కొడుకు.

“నీకు మాట్లాడ్డానికి అనుమతి ఎవరిచ్చారు? నీ పేరున కూడా గీయి.”

పిచ్చుక నవ్వలేదు. దిగులుగా తల తిప్పి తల్లి వైపు చూసింది. తల్లి అప్పుడు ఒక పొడుగు చొక్కాకు అంచు మడుస్తోంది. పెదవుల మధ్య వరుసగా అయిదు గుండుసూదులు. కొలుస్తోంది, మడుస్తోంది, ఒక్కొక్క సూదీ తీసి గుచ్చుతోంది.

“అమ్మా, నువ్వెక్కడ అనుకుంటావు?”

“మ్మ్?”

“కొలతలు. పైకి అనవుగా. ఎక్కడ అనుకుంటావు?”

పదిహేనేళ్ళ పనిలో ఎవరూ అడగని ప్రశ్న అది. కోడలు సూదులన్నీ తీసి దిండుకు గుచ్చింది. తన చేతులకేసి తానే కొత్తగా చూసుకుంది.

“నేను పని నేర్చుకున్నచోట పెద్ద దర్జీ ముందు సూదులు నోట్లో పెట్టించేవాడు. మాట్లాడితే గుచ్చుకుంటాయి. అప్పుడు మాట ఎక్కడికి పోతుంది? చేతిలోకి పోతుంది.” ఆమె బొటనవేలితో గుడ్డను నొక్కింది. “ఇంత పొడుగు.” చూపుడువేలు నొక్కింది. “ఇంత మడత.” నడిమివేలు. “మడిస్తే ఇంత మిగులుతుంది. మూడూ సరిపోతేనే సూది.”

“మూడే” అన్నది పిచ్చుక. “మాక్కూడా మూడే.”

“నీకు సూదులివ్వను. దీన్ని పట్టుకో.” తల్లి మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి దాని కొసను కూతురి పెదవుల మధ్య పెట్టింది. ఒక్క క్షణం ఆగి, రెండో కొసను అత్తగారికి అందించింది. “మీరు కూడా.”

“నేనా?”

“పదకొండు గీతలు ఎవరివి?”

అత్తగారు ఆ కొసను పెదవుల మధ్య పెట్టుకుంది.

ఆ దృశ్యాన్ని వర్ణించడం కష్టం. పలకకు ఈ వైపున అరవై తొమ్మిదేళ్ళ వృద్ధురాలు, ఆ వైపున ఏడేళ్ళ పిల్ల. ఇద్దరి పెదవుల మధ్య ఒక్కటే టేపు, రెండు సైన్యాల మీదుగా తోరణంలా వేలాడుతూ. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మోకాళ్ళ మీద మెల్లగా ఆనుతున్నాయి. ఏనుగు కదిలితే టేపు ఊగుతోంది.

మొదట నవ్వింది కోడలే. చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ ఉదయం నుంచి అది ఆమె మొదటి నవ్వు. భర్త ఆమె పేరున కూడా ఒక గీత గీశాడు.

నలభై నిమిషాలు గడిచాయి. కొత్త గీత పడలేదు. అప్పుడు పిచ్చుక మూడు వేళ్ళూ ఆనించి, చాలాసేపు ఆగి, మంత్రిని మూలకు జరిపింది. టేపు కొస వదిలింది.

“ఆట కట్టు.”

నాయనమ్మ పలక వైపు వంగింది. రాజును అటు జరిపి చూసింది, ఇటు జరిపి చూసింది. తన కొసను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకు సరిగ్గా వినబడలేదు. తిరిగి చెప్పు.”

పిచ్చుక మూడుసార్లు చెప్పింది. మూడోసారి అది పక్కింటికి కూడా వినబడింది.

మరునాడు తొమ్మిదిన్నరకు పెద్ద టీచర్ గదిలో అత్తాకోడళ్ళు గోడవార బెంచీ మీద కూర్చున్నారు. ఎదుట పెద్ద కుర్చీలో పిచ్చుక. కాళ్ళు నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి. తరగతి టీచరు ఆమె వెనుక నిలబడింది.

ఇరవై లెక్కలు. పెదవి కదలలేదు. బల్ల అంచున మూడు వేళ్ళు మాత్రం వరుసగా ఆనుతూ లేస్తూ ఉన్నాయి. నలభై అయిదులోంచి పద్ధెనిమిది వచ్చింది. వేళ్ళు రెండుసార్లు మొదటికి వెళ్ళాయి. పెన్సిలు ఇరవై ఏడు వేసింది. వెనుక నిలబడ్డ టీచరు తల ఊపడం చూసి కోడలు ఊపిరి వదిలింది. అత్తగారి చేయి తన చేతిలో ఉన్నదని అప్పుడే గమనించింది. వెనక్కి తీసుకోలేదు.

ఇరవయ్యో లెక్క ముగిసింది. పెద్ద టీచర్ ఎర్ర పెన్ను తీసి చేయి చాచింది.

పిచ్చుక కాగితం ఇవ్వలేదు.

బొటనవేలు ఆనింది. చూపుడువేలు ఆనింది. నడిమివేలు ఆనింది, లేవలేదు. లెక్కలన్నీ అయిపోయిన తరువాత ఆ వేలు ఏం లెక్కిస్తోందో గదిలో ఎవరికీ తెలియలేదు.

“ఇవ్వమ్మా” అన్నది పెద్ద టీచర్.

“ఇస్తే మీరేం చేస్తారు?”

“దిద్దుతాను.”

“దిద్దాక?”

“నీకు వచ్చని తేలితే రెండో తరగతిలోనే ఉంటావు. మంచిదేగా?”

“అప్పుడు కళ్ళజోడూ రెండుజడలూ ఒకటికి పోతారు.” పిచ్చుక కాగితాన్ని గుండెలకు ఆనించుకుంది. “వాళ్ళు నా కాగితం చూడలేదు టీచర్. నేనే పైకి చెప్పాను. చెవులకి మూతలుండవు కదా. నాకు నేర్పినట్టు వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.”

“ఇచ్చెయ్యవే” అన్నది తల్లి గోడ దగ్గర నుంచి, లోగొంతులో. సగం లేచింది. అత్తగారి చేయి ఆమెను లాగలేదు, వదలనూ లేదు. కోడలు నిలబడలేదు, కూర్చోలేదు.

“ఇవ్వకపోతే నువ్వు కూడా ఒకటికే పోతావు. తెలుసా?” అన్నది పెద్ద టీచర్.

“తెలుసు. అది కూడా చూశాను.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“అది మీ ఎత్తు కదా” అన్నది పిచ్చుక మర్యాదగా. “నేను చెప్పకూడదు.”

పెద్ద టీచర్ తరగతి టీచరు వైపు చూసింది. తరగతి టీచరు కిటికీలోంచి ఆటస్థలం వైపు శ్రద్ధగా చూస్తోంది. చాచిన చేయి బల్ల మీదుగా మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఎర్ర పెన్నుకు మూత పడింది.

“నేను ఆలోచించుకోవాలి.”

“ఆలోచించుకోండి టీచర్. తొందరేం లేదు” అన్నది పిచ్చుక, కాళ్ళు ఊపుతూ. “పైకి అనక్కర్లేదు.”

బయట మొదటి గంట మోగింది. పిల్లలు వరుసలు కట్టి తరగతులకు వెళ్ళిపోయారు. గదిలోంచి ఎవరూ కదలలేదు.